నాగజ్యోతి వాళ్ళ నాన్న

"ఏయ్ పెద్దమనిషీ! ఆ పిల్ల నీకేమవుతుంది?"

శ్యామ్ సుందర్ కేకకి రేకుల షెడ్డులో ఉన్న తల్లిదండ్రులంతా తలలు తిప్పి చూశారు.

గుంటూరు శివార్లలోని ఆ రెసిడెన్షియల్ కాలేజీలో ఆడపిల్లల్ని చూడనిచ్చేది నెలకొక్క ఆదివారం, అదీ రెండు గంటలు. శ్యామ్ సుందర్ హాస్టల్ ఇన్‌చార్జిగా వచ్చి ఎనిమిది నెలలైంది. ఏ ఇన్‌చార్జీ అక్కడ ఏడాది దాటి నిలవలేదు.

ముతక పంచె కట్టుకున్న మనిషి లేచి నిలబడ్డాడు. పక్కన జ్యోతిర్మయి అనే విద్యార్థిని వెక్కుతోంది. ఆయన కండువా కొస ఆ పిల్లకి అందించాడు.

"నువ్వే తుడుచుకోమ్మా. నాయి మిరపకాయలు కోసిన చేతులు, కళ్ళు మండుతాయి."

"అడిగేది నిన్నే!"

"నా పేరు బుల్లయ్యండి. వినుకొండ కాడ పల్లె. నాగజ్యోతి వాళ్ళ నాన్నని."

"మరి ఈ పిల్లతో ఏం పని?"

"ఈ పిల్ల వాళ్ళు రాలేదండి. అన్నం తినట్లేదంట. వాచీ, పుస్తకాలు పక్కపిల్లలకి ఇచ్చేసిందంట. ఇంటికి కబురు చెయ్యండయ్యా. మంచి డాక్టరుకి చూపించండి."

శ్యామ్ సుందర్ నవ్వాడు. పిల్లల ర్యాంకులు తప్ప మొహాలు గుర్తుండని ఆ మహానుభావుడికి జబ్బంటే జ్వరం ఒక్కటే.

"చదవలేక నాటకాలాడేదానికి డాక్టరొకడా? నీ తోటకి తెగులొచ్చిందేమో చూసుకో పో. పిల్లల సంగతి మాకు తెలుసు."

"తెలవదండి," అన్నాడు బుల్లయ్య మెల్లగా.

శ్యామ్ సుందర్‌కి ఒళ్ళు మండింది. రిజిస్టరు తెప్పించి, నాలుగొందల పేర్ల మీదా వేలు పెట్టి చూశాడు. నాగజ్యోతి లేదు.

"ఈ కాలేజీలో ఆ పేరుగల పిల్లే లేదు! ఆడపిల్లల మధ్య కూర్చోడానికి దొంగపేరా? ఒరేయ్ గౌస్ బాషా, గెంటు బయటికి!"

తల్లులు తమ కూతుళ్ళని దగ్గరికి లాక్కున్నారు. బుల్లయ్య గేటు వైపు నడిచాడు. అక్కడ ఆగి వాచ్‌మన్ గౌస్ బాషా చేతులు పట్టుకున్నాడు.

"నన్ను రానివ్వకపోతే పోనీలే బాబూ. ఆ పిల్లని ఒంటరిగా వదలమాక."

గేటు వేసి వచ్చి గౌస్ బాషా నసిగాడు.

"సార్, నేను చేరిన కాణ్ణించీ చూస్తన్నా. నెలనెలా వస్తాడు. ఎవరూ రాని పిల్లల కాడే కూర్చుంటాడు."

"నోర్మూసుకుని నీ పని చూసుకో."

గురువారం వారపు పరీక్ష మార్కులు మైకులో చదివారు. జ్యోతిర్మయి చివరి సెక్షన్‌కి పడిపోయింది. ఆ పేరు చదివేటప్పుడు శ్యామ్ సుందర్ ఓ జోకు కూడా వేశాడు. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం స్టడీ అవర్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అది ఇన్‌చార్జి కంట పడలేదు. గౌస్ బాషా కంట పడింది. అతను పరుగెత్తాడు. డాబా మెట్ల మీద ఒంటరిగా ఉన్న జ్యోతిర్మయిని చెయ్యి పట్టుకుని కింద ఆఫీసు గదిలోకి తీసుకొచ్చాడు.

శ్యామ్ సుందర్‌కి ముందు ఉద్యోగం గుర్తొచ్చింది, తర్వాతే పిల్ల.

"ఏమైందమ్మా? చెప్పు." ఆ మాట ఓ విద్యార్థినిని అతను అడగడం అదే మొదలు.

"మీకు చెప్పను. నాగజ్యోతి వాళ్ళ నాన్నని పిలిపించండి. ఆయనకి చెప్తాను."

"ఆ పేరుగలది ఈ కాలేజీలో ఉంటేగా!"

పాత గుమాస్తా దేవకుమారి లేచి, బీరువా అడుగునుంచి దుమ్ముపట్టిన రిజిస్టరు తీసింది.

"మీరు చూసింది ఈ ఏడాదిది సార్. ఇది రెండేళ్ళ కిందటిది."

నాగజ్యోతి పేరు మీద ఎర్రసిరా గీత ఉంది. పక్కన అప్పటి ఇన్‌చార్జి చేతిరాతతో 'కడుపునొప్పితో మృతి' అనీ, దాని కింద శవాన్ని తీసుకెళ్ళినట్టు తండ్రి బుల్లయ్య వేలిముద్రా ఉన్నాయి.