కుమిస్‌కి వంక పెట్టిన మనిషి

"కుమిస్ పెద్దవాళ్ళకి మంచిదే. పిల్లాడి నోటికి మాత్రం తగలనివ్వకమ్మాయ్," అంది ముసలావిడ.

బాత్మాకాన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

సూసమీర్ మేతభూముల్లో కుమిస్ అంటే బాత్మాకాన్ పులియబెట్టిందే. పొట్ట బాగోనివాళ్ళు, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు పట్నం నుంచి వచ్చి ఆమె గుడారాల్లో పదిహేను రోజులుండి, ఆ పులిసిన గుర్రప్పాలు తాగి వెళ్తారు. అప్పుడు కూడా అయిదుగురు వరసగా కూర్చుని తాగుతున్నారు. వాళ్ళ ముందు, గంట కిందట లారీ దిగిన మనిషి, యాభై రెండేళ్ళ తనని 'అమ్మాయ్' అని పిలిచి మరీ వంక పెట్టింది.

వచ్చిన మనిషిని పేరడగడం మర్యాద కాదని బాత్మాకాన్ అడగలేదు. పెద్దవాళ్ళు కూర్చునే పై వరసలో కూర్చోబెట్టి రొట్టె పెట్టింది. తిన్నంతసేపూ ఆవిడ చూపు బాత్మాకాన్ మొహం మీదే ఉంది. ఏదో చెప్పబోయి ఆగింది కూడా. అంతలో పిల్లాడు ఏడ్చాడు. బాత్మాకాన్ గరిటెలోని కుమిస్ వేలికి అద్ది వాడి నాలుకకి రాయబోతుంటే ఆవిడ ఆ మాటంది.

వాడు మనవడు బెక్తూర్. రెండు నెలలవాడు. పది రోజులుగా నాలుకంతా విరిగిన పాలు అంటుకున్నట్టు తెల్లటి పూత. రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగేలోపే ఏడుపు. కోడలు అనార్‌గుల్‌కేమో రొమ్ములు మండి, పగిలి, పాలివ్వాలంటేనే భయం. పాలు తగ్గిపోతున్నాయి, పిల్లాడు చిక్కిపోతున్నాడు.

కొండ కింద డాక్టరమ్మ ఉంది. కానీ లోకానికి కుమిస్ వైద్యం చేసే మనిషి సొంత మనవణ్ణి డాక్టరు దగ్గరికి పంపితే నలుగురూ నవ్వరూ? అందుకని బాత్మాకాన్ కుమిస్‌లో వేలు ముంచి వాడి నాలుకకు రాసేది. ఏడిస్తే గొర్రెతోక కొవ్వులో చక్కెర కలిపి, గుడ్డలో మూటకట్టి చప్పరించడానికిచ్చేది. తననీ అలాగే పెంచారట.

ఇప్పుడూ ఏడుపు ఆపడానికి పెట్టిన ఆ మూటను ముసలావిడ పిల్లాడి నోట్లోంచి తీసేసింది.

"పులిసే పిండిలో చక్కెర వేస్తే ఎలా పొంగుతుంది? ఇదీ అంతే. పూతకి నువ్వే మేత వేస్తున్నావు," అంది.

తర్వాత అనార్‌గుల్ వైపు తిరిగి నిదానంగా చెప్పింది. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు వంటసోడా వేసి, మెత్తటి గుడ్డ వేలికి చుట్టి, పాలు తాగాక నోరు తుడవాలి. అదే నీళ్ళతో రొమ్ములూ తుడిచి గాలికి ఆరనివ్వాలి. గుడ్డలు రోజూ మరిగించాలి.

"ఇద్దరికీ ఒకేసారి చెయ్యాలి తల్లీ. ఒకరికి తగ్గినా రెండోవాళ్ళ నుంచి మళ్ళీ అంటుకుంటుంది. మూడు రోజుల్లో గుణం కనిపించకపోతే డాక్టరమ్మ దగ్గరికెళ్ళి చుక్కలమందు తెచ్చుకో. అందులో సిగ్గేమీ లేదు."

కుమిస్ తాగుతున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బాత్మాకాన్‌కి తల కొట్టేసినట్టయింది.

"అడక్కుండా చెప్పే వైద్యం మాకొద్దు. లారీ మళ్ళీ వెళ్ళిపోయే వేళయింది, చూసుకోండి," అంది.

ముసలావిడ లేచి, బాత్మాకాన్ తల మీద ఒకసారి చెయ్యి పెట్టింది. బాత్మాకాన్ తల పక్కకి తీసేసింది. అతిథిని సాగనంపడానికి గడప దాటని పాపం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆ రోజు జరిగింది.

వారం గడిచేసరికి పిల్లాడి నాలుక గులాబీ రంగుకి తిరిగింది. గుటకలు వినిపించేలా పాలు తాగుతున్నాడు. బాత్మాకాన్ వాణ్ణి ఎత్తుకుని అందరికీ చూపించింది.

"చూశారా నా కుమిస్ మహిమ!"

అందరూ వెళ్ళాక అనార్‌గుల్ తలవంచుకుని నిలబడింది.

"అత్తయ్యా, తిడితే తిట్టండి. మీరు గుర్రాల దగ్గరికెళ్ళినప్పుడల్లా ఆవిడ చెప్పినట్టే చేశాను. మీరు కుమిస్ రాసిన ప్రతిసారీ తుడిచేశాను. నాలుగో రోజుకి సగమే తగ్గింది. పొయ్యిలోకి పుల్లలని చెప్పి కిందికెళ్ళి చుక్కలమందు కూడా తెచ్చాను."

బాత్మాకాన్ తిట్టలేదు. మనవడి నోరు తెరిచి చూసింది, కోడలి మొహం చూసింది. ఇన్నాళ్ళూ ఆ మొహంలో లేని కళ ఇప్పుడుంది. తన పంతానికి వాడు బలయ్యేవాడే అనుకుంది. మిగిలిన కొవ్వుమూటను తీసుకెళ్ళి కుక్కకి వేసింది.

మర్నాడు పొద్దున అన్న సాగిన్‌బాయ్ గుర్రం దిగాడు. దిగుతూనే, తాను పంపిన పెద్దావిడ వచ్చిందా, మర్యాదగా చూశావా అని అడిగాడు.

బాత్మాకాన్ జరిగిందంతా దాచకుండా చెప్పింది. అన్న మీసం దువ్వుకున్నాడు.

"తనే చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు అందమ్మా. నువ్వు చెప్పనిచ్చినట్టు లేవు."

"తప్పయింది అన్నయ్యా. ఆవిడ ఉండేదెక్కడ?"

"కనుమ అవతల. ఒక్క రోజు ప్రయాణం."

బాత్మాకాన్ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెడతానంది. తనూ కోడలూ కాళ్ళ మీద పడతామంది. తీరా గుర్రం ఎక్కబోతూ ఆగింది.

"పేరైనా అడగలేదే. వెళ్ళి ఏమని పిలవను?"

సాగిన్‌బాయ్ కళ్ళెం ఆమె చేతికిచ్చాడు.

"అమ్మా అని పిలువు. నువ్వు పుట్టిన పదో రోజున మన అమ్మ కన్నుమూస్తే, తన బిడ్డకో రొమ్ము, నీకో రొమ్ము ఇచ్చి ఏడాది సాకింది ఆవిడే."