సంతనాటి దండోరా

యుద్ధకాలంలో ఊరికి పంచాల్సిన కంట్రోలు గుడ్డల మూటలు చావిడికి చేరగానే మునసబు, దండోరా వేసే పెంచలయ్యను పిలిపించాడు.

“రేపు ఊరంతా పూతలపట్టు సంతకు పోతాది. ఊళ్లో ఎవురూ లేనప్పుడు దండోరా ఎయ్. పొద్దుగూకేలోపల రానోళ్లకు గుడ్డ లేదని చెప్పు. మిగిలేది మనదే. నీకూ ఒక పంచ ఇస్తాలే.”

దండోరా వేసినట్టు కాగితం మీద పెంచలయ్య వేలిముద్ర పడితే పైవాళ్లు ఇంకేమీ అడగరు.

“అట్నే సామీ,” అన్నాడు పెంచలయ్య.

పెంచలయ్య ఇంట్లో ఉన్న ఒక్క చీర కూతురు కట్టుకుని కూలికి పోయింది. పెళ్లాం అక్కమ్మ తలుపు చాటునుంచే మొగుడు చెప్పిన సంగతంతా విని, “ఆయప్ప చెప్పినట్టే కొడతావా?” అంది.

“కొడతా.”

అక్కమ్మ మొహం తిప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పూతలపట్టు దోవలో దుమ్ము లేచింది. సంతకు పోయిన ఊరంతా బుట్టలతో, మేకలతో చావిడి మీదికి వచ్చిపడింది. అందరికంటే ముందు తప్పెట చంకన పెట్టుకుని పెంచలయ్య.

“నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేందిరా?” మునసబు అరిచాడు.

“ఊళ్లో ఎవురూ లేనప్పుడే కొట్టినాను సామీ. నేను గూడా ఊళ్లో లేను.”

పెంచలయ్య బొటనవేలు చాచాడు.

“ఏలిముద్ర యాడ ఎయ్యాల?”