పరారీ

"కారు రోడ్డుకు అడ్డంగ పెట్టిన. ఇప్పుడే తీసి వస్తా" అంటూ వేణుమాధవ్ తన కుక్కను బల్ల మీద వదిలేసి బయటికి నడిచాడు.

కల్పలత మూతి విరిచింది.

"పరారీ!" అంది, లోపల ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్న డాక్టర్ ఝాన్సీలక్ష్మికి కూడా వినబడేలా.

మూల స్టూలు మీద కూర్చున్న నవత టకటకా ఫోన్‌లో టైప్ చేసుకుంది. కల్పలతకు ఒళ్లు మండింది.

వారం రోజులుగా ఇదే వరస. ఈ నవత ఏదో కాలేజీలో లెక్చరరట. ఒకచోట కలిసి పనిచేసేవాళ్లకు తమదంటూ ఒక భాష పుడుతుందట, దాని మీద పరిశోధనట. సికింద్రాబాద్ మొత్తంలో ఇంకెక్కడా చోటు దొరకనట్టు, పద్మారావు నగర్‌లోని ఈ కుక్కల దవాఖానాకే వచ్చి పడింది. సూది వేసేటప్పుడు జంతువును కదలకుండా పట్టుకోవడం కల్పలత పని. వెంట్రుకలు దులుపుకుంటూ ఆమె అనే మాటల మీద ఒక చదువా! నెల తిరిగేసరికి జీతం వచ్చిపడుతుంటే ఇట్లాంటి బుద్ధులే పుడతాయి మరి.

మొదటి రోజు సరదాకి కల్పలతే అట్లాంటి మాటలు కొన్ని చెప్పింది. ఆదివారం కోడి బొక్కలు మెక్కి సోమవారం వాంతులతో వచ్చే కుక్క 'బిర్యానీ కేసు'. మందు పేరు తానే చెప్పే యజమాని 'గూగుల్ డాక్టర్'. మీద పడి రక్కే పిల్లి 'అత్తమ్మ'. నవత అన్నిటికీ నవ్వింది, అన్నీ ఎక్కించుకుంది.

"పరారీ అంటే?" అని అడిగింది ఇప్పుడు.

"కనబడ్తలేదా మేడం? ఇన్నేండ్లు 'నా బిడ్డ, నా బిడ్డ' అని ముద్దు జేస్తరు. బర్త్‌డేలకు కేకులు కోస్తరు. ఆఖరి ఇంజెక్షన్ అనంగనే కారు అడ్డమొస్తది, ఫోనొస్తది, కండ్లు తిరుగుతయి. గట్ల బయటికి పోయినోళ్లు మళ్ల రారు. అంతా అయినంక డ్రైవర్‌ను పంపిస్తరు."

"భయమేమో."

"ఏం భయం? సూది ఆయనకా ఇస్తున్నం?"

బల్ల మీద ముసలి లాబ్రడార్ సన్నగా మూలిగింది. కడుపులో గడ్డ. ఇక నొప్పి లేకుండా పంపించేద్దామని నిన్న వేణుమాధవే ఒప్పుకున్నాడు. అది తల ఎత్తలేకపోయినా కళ్లు మాత్రం గాజు తలుపు వైపే పెట్టి ఉంచింది.

"సూడుండ్రి. అన్నీ గిట్లనే సూస్తయి."

"ఆయన వచ్చేదాకా ఆగుదామా?" అంది డాక్టర్.

"ఎక్కడి రావుడు మేడం! ఆగినకొద్దీ దీనికే తక్లీఫ్" అని కల్పలత మళ్లీ నవత వైపు తిరిగింది. "వీళ్లందరికీ లీడర్ ఒకామె ఉండె. కరోనా టైమ్‌ల వచ్చింది. మూతికి మాస్కు, కండ్లకు నల్లద్దాలు. తెల్ల కుక్క, పేరు సేమ్యా. దాన్ని తలుపుకాడనే నా చేతుల్ల పెట్టి, నీళ్ల సీసా తెచ్చుకుంటనని పోయింది. పోయిందే పోవుడు! అది పానం పోయేదాక తలుపు దిక్కే సూసింది. ఆ దినం నేను అన్నం సుత తినలే. ఆమె మాత్రం ఇంటికి పోయి మంచిగ పండుకోని ఉంటది."

నవత టైప్ చేయడం ఆపింది. ఫోన్ స్టూలు మీదే వదిలేసి, తలుపు తోసుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

"ఏందీ నాటకం? ఆయనను సుత ఇంటర్వ్యూ చేస్తదా?" అని కల్పలత నవ్వింది.

గాజు తలుపులోంచి అంతా కనబడుతూనే ఉంది. కదలబోతున్న కారుకు నవత అడ్డం నిలబడింది. వెనక ఆటో అతను హారన్ మోగిస్తూ తిడుతున్నాడు. ఆమె కిటికీ దగ్గరికి వంగి ఏదో చెప్పింది. వేణుమాధవ్ తల అడ్డంగా ఊపాడు. ఆమె చేతులు జోడించింది. అయినా ఊపాడు.

"రాడు. సిగ్గులేని మనిషి" అంది కల్పలత.

నవత ఇంకో మాటేదో అంది, చిన్న మాటే. వేణుమాధవ్ ఆమె ముఖంలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఇంజన్ ఆపాడు.

వచ్చాడు. కుక్క తలను రెండు చేతుల్లోకి తీసుకుని, దాని మీద ముఖం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. కల్పలత దాన్ని పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. డాక్టర్ సూది గుచ్చినా అది కదలలేదు. తలుపు వైపు చూడటం మానేసి, అతని చెయ్యి నాకుతూ నాకుతూ కళ్లు మూసుకుంది.

అతను దాన్ని దుప్పటిలో చుట్టుకుని వెళ్లిపోయాక కల్పలత బల్ల కడిగింది. ఈ దవాఖానాలో పనిచేస్తున్న ఇన్నేళ్లలో తిరిగొచ్చిన పరారీని ఆమె చూడలేదు. ఉండబట్టలేకపోయింది.

"ఏం చెప్పి తోలుకొచ్చిన్రు మేడం?" అంది. ఆ గొంతులో వెటకారం లేదు.

"మీరు చెప్పిందే. అది తలుపు దిక్కే చూస్తున్నదని."

"దానికి ఆయన రాలే కదా. ఎనక ఇంకేందో అన్నరు, నేను సూసిన."

నవత స్టూలు మీది ఫోన్ తీసి సంచిలో వేసుకుంది.

"కల్పలతగారూ, సేమ్యాను ఆఖరికి పట్టుకున్నది మీరేనా?"

"నేనే. నా ఒళ్లెనే పోయింది. ఎందుకు మేడం?"

"ఎడమ చెవి కింద గోకిన్రా?" అంది నవత. "నా దగ్గర ఉన్నన్ని రోజులు, అట్ల గోకితేనే నిద్రపోయేది."