పదకొండో ఆక్స్‌వేడ్

"చీలమండ బాగా వాచింది. ఇతను ఇవాళ ఆడలేడు," అంది నర్సు, కట్టు ముడేసి లేస్తూ.

హ్యూబర్ట్ ఆక్స్‌వేడ్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కాలు చాపుకుని పచ్చిక మీద కూలబడ్డవాడు అతని తమ్ముడి కొడుకు బేజిల్. ఆట మొదలవకముందే, ఒళ్లు వేడెక్కాలంటూ గెంతి, కాలు మడతేసుకున్నాడు.

"ఏమయ్యా హ్యూబర్ట్, పదిమందేనా?" అంటూ వచ్చాడు అవతలి జట్టు కెప్టెన్ డెస్మండ్ ప్రూయిట్. ఊళ్లో మాంసం కొట్టు అతనిదే. "పదకొండు మంది లేకపోతే ఓడినట్టే. వంతెన మీద నా పేరు రాయించేయమంటావా?"

ఏటా ఆగస్టులో జరిగే క్రికెట్ ఆట అది. ఒకవైపు ఊరంతా, ఇంకోవైపు ఆక్స్‌వేడ్ అనే ఒకే ఇంటిపేరు వాళ్లు. ఈసారి పందెం పెద్దది. వాగు రేవు దగ్గర కట్టిన కొత్త వంతెనకి గెలిచిన కెప్టెన్ ఇంటిపేరు పెట్టాలని ఊరు తీర్మానించింది.

"ఆ రేవు వల్లే మాకీ పేరొచ్చింది, డెస్మండ్!" హ్యూబర్ట్ గొంతు లేచింది. "ఆక్స్ అంటే ఎద్దు, వేడ్ అంటే నీళ్లలో నడిచి దాటడం. ఎద్దుల బళ్లు వాగు దాటే చోట కాపురముండేవాళ్లం కనక ఆక్స్‌వేడ్లమయ్యాం. అలాంటి చోట నీ పేరా? ఎద్దులతో నీకేం సంబంధం?"

"లేకపోవడమేం? రోజూ కోస్తున్నాగా!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. హ్యూబర్ట్ నవ్వలేదు.

"ప్రపంచమంతా గాలించినా పదకొండో ఆక్స్‌వేడ్ దొరకడు," అన్నాడు నీరసంగా. "అంత అరుదైన పేరు మాది."

"దొరికింది," అంది నర్సు.

అందరూ ఆమె వైపు తిరిగారు. నల్లటి మనిషి, ముప్పయ్యేళ్లుంటాయి. ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చొక్కాకి పేరు బిళ్ల ఇంకా అలాగే ఉంది. దాన్ని ముందుకి లాగి చూపించింది. మార్వా ఆక్స్‌వేడ్.

"పక్క టౌన్‌కి కొత్తగా వచ్చాను. గోడ మీద పోస్టరులో నా ఇంటిపేరు కనిపిస్తే ఇదేమిటో చూద్దామని వచ్చాను. మాది బార్బడోస్ దీవి."

"బార్బడోసా! అంత దూరం మా పేరెలా వచ్చిందమ్మాయ్?"

మార్వా అతని కళ్లలోకి సూటిగా చూసింది. "మీవాళ్లెవరో ఓడెక్కి వచ్చి చెరకు తోట పెట్టారు. ఆ తోటలో మావాళ్లు బానిసలు. యజమాని పేరే వాళ్లకీ తగిలించారు."

పూర్వం ఒక పెద్దాయన సముద్రం మీద వెళ్లి తిరిగి రాలేదని హ్యూబర్ట్ ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఎందుకు రాలేదో హ్యూబర్ట్‌కి ఎవరూ చెప్పలేదు. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా తరఫున ఆడమని అడిగే మొహం నాకు లేదమ్మా."

"అడక్కండి. ఆ పేరు మేం కోరి తెచ్చుకున్నది కాదు. కానీ తరతరాలు మోసి మాది చేసుకున్నాం. వంతెన మీద ఎక్కితే నా పేరూ ఎక్కినట్టే. ఈ అబ్బాయి బదులు నేనాడతాను."

"ఇదన్యాయం!" ప్రూయిట్ అరిచాడు. "ఈవిడ వీళ్ల రక్తమని ఎవరు చెప్పారు?"

అంపైరుగా నిలబడ్డ పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు. "మన నియమం ఇంటిపేరు గురించి, డెస్మండ్. రక్తం గురించి కాదు. పద, బ్యాట్ తీసుకో."

ఊరి జట్టు ముందు ఆడి నూట పన్నెండు కొట్టింది. ఆక్స్‌వేడ్లు బాగానే మొదలెట్టి, ఆనక పేకముక్కల్లా రాలిపోయారు. చివరి ఓవరుకి మిగిలింది మార్వా, అవతల కొసన డెబ్బై దాటిన హ్యూబర్ట్. బంతి ప్రూయిట్ చేతిలో ఉంది.

మొదటి బంతికే మార్వా ఫోరు కొట్టింది. ఊరి జనం ఎవరి పక్షమో మర్చిపోయి ఈలలు వేశారు. తర్వాత రెండు బంతులకి గాలిని కొట్టింది. ఒకటి ప్యాడ్‌కి తగిలితే ప్రూయిట్ మోకాళ్ల మీద పడి అరిచాడు. పాస్టరుగారు కదల్లేదు. ఇంకోటి బ్యాట్ అంచుకి తగిలి ఫోరైంది.

ఆఖరి బంతి. రెండు పరుగులు కావాలి.

మార్వా బలంకొద్దీ బాదింది. బంతి దూరంగా, కుర్చీల వైపు దొర్లింది.

"పరిగెత్తండి పెద్దాయనా!"

ఒకటి పూర్తయింది. హ్యూబర్ట్‌కి ఊపిరందడం లేదు.

"ఇంకోటి! రండి, రండి!"

కుంటుకుంటూ బేజిల్ కూడా బౌండరీ గీత పక్కకొచ్చి కేకలేస్తున్నాడు. బంతి గాల్లో వస్తోంది. హ్యూబర్ట్ బ్యాట్ ముందుకి చాచి నిలువునా నేల మీద పడ్డాడు. వికెట్లు ఎగిరాయి. దుమ్ములోంచి అందరూ పాస్టరుగారి చేతివంకే చూశారు.

వేలు లేవలేదు.

మైదానం దద్దరిల్లింది. ప్రూయిట్ వచ్చి, హ్యూబర్ట్‌ని లేవదీసి, మట్టి దులిపాడు. "ఈ వయసులో సిగ్గుండాలయ్యా!" అని తిడుతూనే కావలించుకున్నాడు.

సాయంత్రం పబ్బు ముందు బల్ల దగ్గర బీరు గ్లాసులు నురగలు కక్కుతున్నాయి. హ్యూబర్ట్ మోచేతికి మార్వా మందు రాస్తోంది. ఆనందం అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

"వచ్చే ఏడూ నువ్వు రావాలమ్మా, ఎలాగైనా రావాలి! అవునూ, మీ ఊళ్లో మన పేరువాళ్లు ఇంకా ఒకరో ఇద్దరో ఉండే ఉంటారే? వాళ్లందర్లోకీ నువ్వే గొప్ప ఆటగత్తెవి, కదూ?"

మార్వా నవ్వాపుకోలేక దూది పక్కన పెట్టేసింది.

"నేనా! మా ఊళ్లో అచ్చంగా ఆక్స్‌వేడ్లకే నాలుగు జట్లున్నాయి పెద్దాయనా, ఒక్కదాంట్లోనూ నన్ను తీసుకోలేదు!"