కింద రాసిన మాటలు

రమల్లాలోని హాలులో విదేశీ అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాంతి కోసం తీసిన డాక్యుమెంటరీ అట, బహుమతి కూడా వచ్చిందట. తెర మీద నజీహా అరబీలో తన ఆలివ్ తోటను ఆక్రమించినవాళ్లను దుమ్మెత్తిపోస్తుంటే, కింద ఇంగ్లీషులో “నేను వాళ్లను క్షమించాను” అని పడింది.

దర్శకుడు జవాద్ ఆమెను వేదిక మీదికి తీసుకెళ్లాడు. “రెండు ముక్కలు చెప్పు పిన్నీ, నేను ఇంగ్లీషులో చెబుతాను.”

“క్షమించానని నేనెప్పుడన్నాన్రా? నా తోట నాకు కావాలన్నాను. ఏడుపు నాది, బహుమతి నీదా?” ఆమె మైకులోనే అడిగింది.

జవాద్ నవ్వుతూ అతిథుల వైపు తిరిగాడు. “అందరి మనసుల్లోనూ శాంతి నిండాలని కోరుతోంది” అని ఇంగ్లీషులో చెప్పాడు. మళ్లీ చప్పట్లు.

నజీహా మైకు లాక్కుంది. “ముప్పై ఏళ్లు ఇంగ్లీషు డాక్టర్ల దగ్గర నర్సుగా చేశాను. నీకు ఇంగ్లీషు వచ్చా అని ఒక్కసారైనా అడిగావా?” అని అతన్ని కడిగేసి, తను అన్నదంతా తనే ఇంగ్లీషులో చెప్పింది.

వెనక వరసలో ఒకావిడ లేచి, “ఆ తోట ఏ ఊళ్లో ఉంది?” అని అడిగింది.

గంటన్నర సినిమాలో జవాద్ ఆ ఊరి పేరే చెప్పలేదు.