సర్వర్ గది

“ఈ గదిని ఇంకా ఉంచారంటే నవ్వొస్తోంది మేడమ్,” అన్నాడు క్లౌడ్ సర్వీసు అమ్మడానికి వచ్చిన గుణశేఖర్, సర్వర్ గది గుమ్మంలోనే ఆగిపోయి.

నిజానికి అతనికి నవ్వు రావడం లేదు, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనే రొయ్యలు ఒలిచే షెడ్డు. మధురవాడలో అద్దాల ఆఫీసు వదిలి ఈ కంపులోకి రావడమే ఈ రొయ్యల ఎగుమతి కంపెనీ యజమానురాలు పద్మావతికి తను చేస్తున్న పెద్ద ఉపకారం అనుకుంటున్నాడు.

లోపల స్టూలెక్కి ఏసీ దుమ్ము దులుపుతున్న గురువులు తల తిప్పి చూశాడు. యాభై దాటిన మనిషి. సర్వర్ వేడెక్కకుండా చూడటం, కరెంటు పోతే జనరేటర్ వేయడం రెండేళ్లుగా అతని పని.

“క్లౌడ్ క్లౌడ్ అంటారు, అసలది ఏటండీ?” అంది పద్మావతి.

“మీ ఫైళ్లన్నీ మా దగ్గరుంటాయి మేడమ్. సీజన్లో ఎక్కువ చోటు వాడుకోండి, తర్వాత తగ్గించుకోండి. తుఫానొచ్చి ఈ షెడ్డు ఎగిరిపోయినా మీ ఆర్డర్లు ఒక్కటీ పోవు. జపాన్లో కూర్చుని కూడా ఫోన్లో చూసుకోవచ్చు.”

“మరి ఈ గది?”

“గదెందుకు? ఏసీ వద్దు, జనరేటర్ వద్దు.” గురువులు వైపు గడ్డం ఎగరేశాడు. “ఇలాంటివాళ్లూ వద్దు. గుడ్డ పట్టుకు తిరిగేవాడికి జీతమిచ్చే రోజులు పోయాయి.”

గురువులు గబుక్కున స్టూలు దిగాడు. “నన్ను తీసేత్తారేటమ్మా?”

పద్మావతి అతని వైపు చూడలేదు. “తర్వాత మాట్లాడదాం గురువులూ.”

“ఆ మిషన్లన్నీ ఏ ఊర్లో పెడతారు బాబూ?” గురువులు గుణశేఖర్‌ని అడిగాడు.

“మబ్బులో పెడతాం పెద్దాయనా. వానొస్తే నువ్వు కింద గొడుగు పట్టుకో.” తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు గుణశేఖర్.

“నాకూ చెప్పండి. ఎక్కడుంటాయో తెలీకుండా సంతకం ఎలా పెడతాను?” అంది పద్మావతి.

గుణశేఖర్ ఫోన్లో ఫోటో చూపించాడు. కిటికీల్లేని పొడవాటి తెల్ల కట్టడం, ముందు పెద్ద ఇనప గేటు, వెనక రెండు బోడి కొండలు. “మా డేటా సెంటర్. మధురవాడ దాటాక ముప్పావుగంట. పోయిన నెలే మొదలైంది.”

పద్మావతి తృప్తిగా తలూపి ఒప్పందం కాగితాల మీద సంతకం పెట్టేసింది.

పని అయిపోయిన హుషారులో గుణశేఖర్ ఫోను గురువులు ముఖం ముందు ఆడించాడు. “చూడు, నువ్వూ చూడు. ఈ జన్మలో అందులో అడుగుపెట్టలేవు.”

గురువులు చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఆ కొండల్ని చాలాసేపు చూశాడు. ఫోను తిరిగిచ్చేటప్పుడు అతని గొంతులో కోపం కూడా లేదు.

“బాగా కట్టినారు బాబూ. ఆ గేటున్న కాడే మా ఇల్లుండీది. అది తీసేసినాకే నాను ఈ పన్లోకొచ్చినాను.”