లహరికి జమానతు

ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టాలి. పంచాయతీ ఆఫీసు తాళం తెచ్చుకోవాలి. వీపనగండ్లలో ఇంటర్నెట్ నిలకడగా ఉండేది అక్కడే. అమ్మ తీసిపెట్టిన గద్వాల చీర కట్టుకోవాలి. అన్నిటికంటే ముందు, వైవా అంటే ఏమిటో పెద్దనాయన రాజన్నకు తెలిసేలా చెప్పాలి.

లహరి మిగతావన్నీ చేసేసింది. ఈ చివరిదే వారం నుంచి తెమలడం లేదు.

"అంటే బిడ్డా, బయటి మనిషి కూసుంటడు. నువ్వు రాసింది తప్పంటడు. కాదని నువ్వు చెప్పాలె. ఊరోళ్లు ఇనొచ్చు. గంతేనా?"

"గంతే పెద్దనాయనా."

"మరి పంచాయితి అని చెప్పక వైవా గీవా అంటవేంది!"

ఇది డాక్టరేటుకు చివరి పరీక్ష అనీ, గట్టెక్కితే లెక్చరర్ ఉద్యోగానికి దారి పడుతుందనీ, లేకుంటే పుస్తకమంతా మళ్లీ రాయాల్సిందేననీ లహరి చెబుతూనే ఉంది. రాజన్న అప్పటికే తలపాగా చుట్టి, మరో నలుగురిని వెంటేసుకుని బయల్దేరాడు. పంచాయితికి ఆడపిల్ల ఒంటరిగా పోతే ఇంటి పరువేం కావాలి?

పంచాయతీ ఆఫీసులో ల్యాప్‌టాప్ తెర మీద గైడు సుహాసిని మేడమ్, ఢిల్లీ నుంచి పరీక్షకుడు జితేందర్ సార్ కనిపించారు. నవ్వితే తన మార్కులే పోతాయన్నట్టు కూర్చున్నారాయన.

"వాన కబురు ఫోనుకు మెసేజీగా వస్తే రైతు నమ్మడు, పూచీ పడే మనిషి మధ్యలో ఉంటేనే నమ్ముతాడు అని రాశారు. ఎక్కడిదమ్మా ఇది?"

"ఊళ్లల్లో చూసిందే సార్."

"ఈ రోజుల్లో ఒకరి మాటకు ఇంకొకరు పూచీ పడతారా? నేనెందుకు నమ్మాలి? ఇది మళ్లీ రాయాల్సిందే."

లహరి గబగబా పేజీలు తిప్పింది. "సార్, నాలుగో అధ్యాయంలో..."

"నువ్వు జర జరుగు బిడ్డా." రాజన్న తలపాగా తీసి భుజాన వేసుకుని తెర ముందుకు వచ్చాడు. "దండాలు సారూ. మా పిల్ల అబద్ధమాడదు. నేనున్న జమానతు. తప్పు తేలితే దండుగ నేనే కడత. ఇద్దరూ ఓ మెట్టు దిగుండ్రి. ఇంతకూ సారూ, పొద్దుగాల ఏమన్న తిన్నవా? మొఖం పీక్కపోయింది."

"పెద్దనాయనా!" లహరి ల్యాప్‌టాప్ మూయబోయింది.

"మూయకమ్మా," అన్నారు జితేందర్ సార్. "ఇది వైవా అని మీ ఇంట్లో చెప్పలేదా?"

"వారం నుంచి చెబుతున్న సార్."

"మీ పరిశోధన కమ్యూనికేషన్‌లోనే కదా?"

సుహాసిని మేడమ్ కొంగుతో నోరు మూసుకున్నారు. జితేందర్ సార్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పూచీ పడే మనిషి ఉన్నాడని ఒప్పుకుంటున్నాను. అదేమిటో, ఆయన చెప్పాక నాకూ నమ్మబుద్ధవుతోంది. అభినందనలు, డాక్టర్ లహరి."

"మన పిల్లది తప్పు లేదని తేలిందిరో!" రాజన్న బయటికి కేకేశాడు.

మీ ఇళ్లల్లో ఏళ్ల తరబడి తెగని తగాదా ఏదైనా ఉంటే వీపనగండ్ల రాజన్నను గుర్తుపెట్టుకోండి. కాకపోతే కొంచెం ఆగాలి. ప్రస్తుతం ఆయన ఊళ్లో లేడు. జితేందర్ సార్‌కూ వాళ్ల తమ్ముడికీ మధ్య ఉన్న ఇంటి గోడ పంచాయితి తెంపడానికి, సారే పిలిస్తే ఢిల్లీ రైలెక్కాడు.